లిస్టులో పేరు: యుద్ధం తరవాతి అమెరికా మీద లంబాలైన్‌లో ఒక సంవాదం

1947 నుంచి 1973 దాకా అమెరికా ఆర్థిక వ్యవస్థ ఏటా సగటున 4 శాతానికి కాస్త అటూఇటూగా పెరిగింది. ధరల పెరుగుదల తీసేసి చూసినా మధ్యస్థ కుటుంబ ఆదాయం ఆ కాలంలో దాదాపు రెట్టింపయింది. సొంత ఇంట్లో ఉండే కుటుంబాలు 1940లో నూటికి 44 ఉంటే 1960 నాటికి 62 అయ్యాయి. టెలివిజన్ 1950లో పదిళ్లలో ఒక ఇంట ఉండేది. పదేళ్లు తిరిగేసరికి దాదాపు తొమ్మిదిళ్లలో చేరింది. 1946, 1964 మధ్య సుమారు 7.6 కోట్ల మంది పిల్లలు పుట్టారు. ఈ అంకెల మీద పెద్దగా తగాదా లేదు. ఆ సంపద ఎలా వచ్చింది, ఎవరి గడప తొక్కింది, ఎవరి గడప దాటిపోయింది అన్నదాని మీదే వాదమంతా.

ఆ వాదానికి అండమాన్ దీవుల్లో ఒక దగ్గరి పోలిక ఉంది. 1942 మార్చిలో జపాన్ సైన్యం దిగి, 1945 అక్టోబరులో వెళ్లిపోయాక ఇక్కడి శిక్షా శిబిరం రద్దయింది. ఆ తరవాత ఊళ్లు, రోడ్లు, బళ్లు, జీతాలు చాలావరకు ఢిల్లీ డబ్బుతోనే వెలిశాయి. 1951లో 30,971 ఉన్న జనాభా 1971కి 1,15,133 అయింది. 2024లో శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో, విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న లంబాలైన్‌లో ఇద్దరు ఈ విషయం మీద రెండు వైపులా నిలబడతారు. మేనమామ 1970ల్లో శ్రీకాకుళం తీరం నుంచి ఓడ బంక్ క్లాసులో వచ్చినవాడు. అండమాన్ పీడబ్ల్యూడీలో డీఆర్‌ఎంగా, అంటే రోజుకూలీ మజ్దూర్‌గా చేరి, రెగ్యులరై, స్టోరు పని చూసి రిటైరయ్యాడు. మేనకోడలు ఇక్కడే పుట్టి పెరిగి, కాలేజీలో అర్థశాస్త్రం చెబుతోంది. సామాన్యుడు బతికిన మంచి కాలం ప్రపంచంలో ఏదైనా ఉంటే అది యుద్ధం తరవాతి ముప్పై ఏళ్లేనని మామ పక్షం. ఆ మంచికి చుట్టూ కంచె ఉండేదని, ఆ కంచె కూడా అదే డబ్బుతో కట్టిందని కోడలి పక్షం.

మేనమామ: యుద్ధం అయిపోగానే అమెరికా మళ్లీ 1930ల మాంద్యంలో పడిపోద్దని అందరూ భయపడ్డారు కదమ్మా. కోటి మందికి పైగా సిపాయిలు ఇళ్లకొస్తున్నారు, ట్యాంకుల ఆర్డర్లు ఆగిపోయాయి. అయినా పడలేదు. ఎందుకు? జనం దగ్గర డబ్బుంది. 1942 ఫిబ్రవరి నుంచి మామూలు జనానికి కొత్త కార్లు తయారుచేయడమే మానేశారు. జీతాలొస్తున్నాయి, కొనడానికి సరుకు లేదు, యుద్ధ బాండ్లు కొని దాచుకున్నారు. యుద్ధం అవగానే ఆ దాచిందంతా బజారుకొచ్చింది.

మేనకోడలు: అది సగం మాట, మావయ్యా. మిగతా ప్రపంచం కూలిపోయి ఉందన్న సగం ఎక్కడ? జర్మనీ, జపాన్ ఊళ్లు బూడిదయ్యాయి, బ్రిటన్ అప్పుల్లో మునిగింది. ప్రపంచం మొత్తమ్మీద ఫ్యాక్టరీల్లో తయారయ్యే సరుకులో సగానికి దగ్గరగా ఒక్క అమెరికాదే. పోటీ లేని సంతలో అమ్ముకున్నారు. 1948 నుంచి మార్షల్ ప్రణాళిక కింద పడమటి యూరప్‌కి సుమారు 1,300 కోట్ల డాలర్లు ఇస్తే, అందులో చాలా భాగం అమెరికా సరుకు కొనడానికే తిరిగొచ్చింది.

ఈ రెండు కారణాలూ నిజమే. కానీ దాచుకున్న డబ్బు కొన్నేళ్లలో ఖర్చయిపోతుంది, కూలిన ఫ్యాక్టరీలు పదేళ్లలో మళ్లీ లేస్తాయి. పైగా మొదటి రెండేళ్లు సాఫీగా ఏమీ సాగలేదు. ధరల మీద అదుపు ఎత్తేయగానే సరుకుల ధరలు ఎగిశాయి. ఒక్క 1946లోనే సుమారు 46 లక్షల మంది కార్మికులు సమ్మెకు దిగారు. పాతికేళ్లు నిలిచిన పెరుగుదలకు మరో ఆధారం కావాలి. ఆ ఆధారం ప్రభుత్వ ఖర్చు. ఉపాధిని నిలబెట్టడం ప్రభుత్వం బాధ్యత అని 1946 ఉపాధి చట్టం మొదటిసారి కాగితం మీద ఒప్పుకుంది. అంతకు ముందే, యుద్ధం ఇంకా సాగుతుండగా 1944 జూన్ 22న సంతకమైన జీఐ బిల్లు ఆ దారి వేసింది. తిరిగొచ్చిన సిపాయికి చదువు ఫీజులు, పని దొరికేదాకా భృతి, ఇంటి అప్పుకు ప్రభుత్వ పూచీ అందులో ఉన్నాయి. యుద్ధంలో పనిచేసిన 1.6 కోట్ల మందిలో 78 లక్షల మంది ఆ చట్టం కింద చదువో పనిలో శిక్షణో పొందారు. వాళ్లలో 22 లక్షల మంది కాలేజీ మెట్లెక్కారు. కమ్మరి కొడుకు ఇంజనీరు కావడానికి అంతకు ముందు అంత పెద్ద తలుపు ఆ దేశంలో ఎన్నడూ తెరుచుకోలేదు.

మేనమామ: నాకు నచ్చేది ఆ ఇళ్ల సంగతి. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో లెవిట్ అనే ఆయన బంగాళాదుంప పొలాలు కొని 1947లో ఇళ్లు మొదలెట్టాడు, నాలుగేళ్లలో 17,000 పైచిలుకు ఇళ్లు! స్టోరు చూసినవాణ్ని కాబట్టి నాకు తెలుసు, ఇల్లు ఆలస్యమయ్యేది మేస్త్రీ వల్ల కాదు, సరుకు వేళకి రాక. ఆయన దాన్నే సరిచేశాడు.

లెవిట్‌టౌన్ పని తీరు నిజంగానే చూడదగ్గది. పునాది గొయ్యి తవ్వలేదు. నేల మీదే కాంక్రీటు పలక పోసి, దాని మీదే ఇల్లు లేపారు. కలపను యార్డులో ముందే కొలతకు కోసి, ఒక ఇంటికి కావాల్సినదంతా ఒక కట్టగా కట్టి, లారీలు వీధి పొడవునా ప్రతి 60 అడుగులకూ ఒక కట్ట దింపుకుంటూ పోయేవి. ఇంటి పనిని రెండు డజన్లకు పైగా ముక్కలు చేశారు. ఒక ముఠా వచ్చి గోడల చట్రం నిలబెడుతుంది, మరో ముఠా వచ్చి రంగు వేస్తుంది. ఎవరి ముక్క వాళ్లు పూర్తి చేసుకుని పక్కింటికి నడుస్తారు. కారు ఫ్యాక్టరీలో కారు కదులుతుంది, మనిషి నిలబడతాడు. ఇక్కడ ఇల్లు నిలబడింది, మనుషులు కదిలారు. 1949లో ఇల్లు ధర 7,990 డాలర్లు. మాజీ సిపాయి ముందు చేతి డబ్బు పెట్టక్కర్లేదు, నెలకు అరవై డాలర్లలోపు కడితే చాలు. వంటింట్లో బట్టలుతికే యంత్రం ఇంటితోపాటే వచ్చేది. 1950 మోడల్‌లో గోడలో అమర్చిన టెలివిజన్ కూడా ఉండేది. ఇంత చవగ్గా అప్పు దొరకడానికి కారణం బ్యాంకు ఉదారత కాదు, వెనక ప్రభుత్వ పూచీ ఉండడం.

మేనకోడలు: ఆ ఇంటి ఒప్పంద పత్రంలో ఒక షరతు కూడా ఉండేది, మావయ్యా. తెల్లవాళ్లు కానివాళ్లు అందులో కాపురం ఉండకూడదని. ఇంటి పనివాళ్లకి మాత్రం మినహాయింపు. 1948లో సుప్రీంకోర్టు అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని తీర్పిచ్చింది. అయినా లెవిట్ నల్లవాళ్లకి అమ్మలేదు. 1957లో పెన్సిల్వేనియాలోని రెండో లెవిట్‌టౌన్‌లో ఒక నల్లజాతి కుటుంబం మరొకరి దగ్గర ఇల్లు కొనుక్కుంటే, రోజుల తరబడి గుంపులు వచ్చి ఆ ఇంటి మీద రాళ్లేశాయి.

మేనమామ: అది లెవిట్ బుద్ధి, ఆ గుంపు బుద్ధి. దాన్ని తీసుకెళ్లి ప్రభుత్వం నెత్తిన పెడితే ఎలా?

మేనకోడలు: పూచీ ఎవరిది? ఫెడరల్ గృహ సంస్థ ఏ పేటలో ఇళ్లకి పూచీ ఇవ్వొచ్చో, ఏ పేటలో ఇవ్వకూడదో రంగు చూసి నిర్ణయించింది. జీఐ బిల్లు మాటల్లో ఎక్కడా రంగు లేదు, నిజమే. కానీ అప్పిచ్చేది ఊరి బ్యాంకు. 1947లో మిసిసిపీలోని 13 పట్టణాల్లో ప్రభుత్వ పూచీతో సిపాయిలకిచ్చిన ఇంటి, వ్యాపార, వ్యవసాయ అప్పులు 3,229. అందులో నల్లజాతి సిపాయిలకి దక్కినవి రెండు.

ఈ అంకె దగ్గర మామ చాలాసేపు మాట్లాడలేదు. అమెరికా ఉజ్జ్వల కాలాన్ని మెచ్చుకునే ఎవరైనా ఈ అంకెకు జవాబు చెప్పుకుని ముందుకు వెళ్లాలి. మార్కెట్ దానంతటదే వేరుచేసిందనడం కుదరదు. పన్ను కట్టినవాళ్లలో నల్లవాళ్లూ ఉన్నారు, యుద్ధంలో పనిచేసినవాళ్లలోనూ ఉన్నారు. వేరుచేసింది పూచీ ఎవరికో రాసిన లిస్టు. ఇల్లు అనేది అమెరికా మధ్యతరగతికి ముఖ్యమైన ఆస్తి. 1950లో ఆ ఆస్తి దక్కనివాడి పిల్లలకి 1970లో చదువుకి తాకట్టు పెట్టడానికి ఏమీ లేదు.

మేనమామ: సరే, ఆ లెక్క ఒప్పుకుంటాను. నా లెక్క కూడా విను. 1959లో నల్లవాళ్లలో నూటికి 55 మంది పేదరికంలో ఉంటే 1973కి 31 మంది. దేశం మొత్తం చూస్తే 22 నుంచి 11కి దిగింది. పద్నాలుగేళ్లలో పేదరికం సగమయింది! 1940 నుంచి 1970 దాకా దక్షిణాది పత్తి చేలు వదిలి సుమారు 50 లక్షల మంది నల్లవాళ్లు డెట్రాయిట్‌కి, షికాగోకి వెళ్లారు. కంచె ఉన్నా అక్కడ పనుంది, పత్తి చేనులో రాని జీతముంది. బూమ్ లేకపోతే ఆ మాత్రం కూడా ఉండేదేటి?

మేనకోడలు: ఉండేది కాదు. అయితే ఆ జీతం బూమ్ పెట్టిన భిక్ష కాదు కదా. యూనియన్ కొట్లాడి తెచ్చుకుంది.

ఇక్కడ ఇద్దరూ దగ్గరికొస్తారు. 1950ల మధ్యలో అమెరికా కార్మికుల్లో దాదాపు మూడో వంతు యూనియన్ సభ్యులు. 1950లో జనరల్ మోటార్స్, కార్ల కార్మికుల సంఘం అయిదేళ్ల ఒప్పందం చేసుకున్నాయి. ధరలు పెరిగితే జీతం పెరగాలి, ఉత్పాదకత పెరిగినా పెరగాలి, పింఛను, వైద్య బీమా ఉండాలి. బదులుగా ఆ అయిదేళ్లు సమ్మె ఉండదు. మిగతా పరిశ్రమలు దాన్నే అనుసరించాయి. మరోవైపు అత్యధిక ఆదాయాల మీద ఆఖరి శ్లాబు పన్ను రేటు 1950ల్లో 91 శాతం. మినహాయింపుల వల్ల అంత మొత్తం కట్టినవాళ్లు తక్కువే అయినా, పెద్ద అధికారి జీతానికీ పనివాడి జీతానికీ మధ్య దూరం విపరీతం కాకుండా ఆ రేటు కొంత ఆపింది. అదే సమయంలో 1947లో వచ్చిన టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం యూనియన్ల చేతులు కట్టేసి, దక్షిణాది రాష్ట్రాల్లో అవి అడుగు పెట్టడం కష్టం చేసింది. దక్షిణాది అంటే నల్లజాతి కూలీలు ఎక్కువగా ఉన్న చోటు.

ఆడవాళ్ల సంగతి కోడలు గట్టిగానే లేవనెత్తింది. యుద్ధంలో విమానాలు బిగించిన ఆడవాళ్లని 1945లో ఇళ్లకు పంపేశారు. శివారు ఇంట్లో భార్య, ఊళ్లో ఉద్యోగానికి వెళ్లే భర్త అన్న బొమ్మే ప్రకటనల నిండా కనిపించింది. కానీ పనికి వెళ్లే ఆడవాళ్ల వాటా 1950లో 34 శాతం ఉంటే 1960కి 38 అయింది. బొమ్మ ఒకటి, బతుకు మరొకటి.

మేనమామ: ఇక మన సంగతికి రామ్మా. 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థుల్ని తెచ్చి ఇక్కడ కుటుంబానికి పదేసి ఎకరాలిచ్చారు. అయిదెకరాలు వరి పల్లం, అయిదెకరాలు మెట్ట. అది మన జీఐ బిల్లు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్లకి ప్రభుత్వం చేయాల్సిన పనే అది. నాకు ఎకరం ఇవ్వలేదు, నేను అడగనూ లేదు. మస్టర్ రోల్‌లో పేరు పడింది, నెల తిరిగితే కూలీ వచ్చింది. రెగ్యులరయ్యాక పింఛనూ వచ్చింది. నువ్వు కాలేజీలో పాఠం చెబుతున్నావంటే ఆ మస్టర్ రోల్ వల్లే.

మేనకోడలు: నేను కాదనను. కానీ నువ్వు అడగలేదన్నావు చూడు, అడగడానికి నీకు లిస్టే లేదు. ఇక్కడ ఎవర్ని పలకరించినా ముందు ఆ వరసే. 1942కి ముందు నుంచి ఉన్న ప్రీ-42 వాళ్లు, సెట్లర్లు, ఆ తరవాత మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చినవాళ్లు. ఐదు వర్గాలకి ఓబీసీ గుర్తింపిచ్చినప్పుడు ప్రీ-42 వాళ్లు, బెంగాలీ సెట్లర్లు, కరెన్లు, మోప్లాలు, భాంతులు అందులోకి వచ్చారు. రోడ్డు వేసినవాడికీ, జంగ్లీఘాట్‌లో వల లాగినవాడికీ తెలుగువాడిగా అందులో చోటు లేదు. 2011 లెక్కల్లో దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు.

దీన్ని అమెరికాలోని రంగు కంచెతో సమానం చేయడం సరికాదు. శరణార్థికి భూమివ్వడం న్యాయం. ఇక్కడి తెలుగువాళ్ల మీద రాళ్లేసిన గుంపులూ లేవు, అద్దె పత్రాల్లో షరతులూ లేవు. వలస కూలీకి దగ్గరి పోలిక అమెరికాలోనే వేరే ఉంది. 1942 నుంచి 1964 దాకా మెక్సికో నుంచి 40 లక్షలకు పైగా ఒప్పందాల మీద కూలీలను పొలాల్లోకి తెచ్చారు. వాళ్లను బ్రసేరోలు అనేవారు. పంట అయ్యాక తిరిగి వెళ్లిపోవాలి. స్థలం, ఓటు, ఇంటి అప్పు వాళ్లవి కావు. అండమాన్‌లో డీఆర్‌ఎంలని ఎవరూ తిప్పి పంపలేదు. చాలామంది ప్రభుత్వ నేల మీద గుడిసె వేసుకున్నారు. 1978కి ముందు అటవీ భూమిలో స్థిరపడినవాళ్లను తరవాత క్రమబద్ధీకరించారు కూడా. ఈ తేడా చిన్నది కాదు. కూలీని ఉండనిచ్చిన చోట అతని కూతురో, మేనకోడలో లెక్చరరవుతుంది.

రోడ్ల దగ్గరికి వచ్చేసరికి వాదం మళ్లీ వేడెక్కింది. 1956 జూన్ 29న ఐసెన్‌హోవర్ సంతకం చేసిన చట్టం 41,000 మైళ్ల అంతర్రాష్ట్ర రహదారులకు పునాది వేసింది. ఖర్చులో 90 శాతం కేంద్రానిది. పెట్రోలు పన్ను దానికి మూలధనం. ఆ రోడ్లే శివారు ఇళ్లను, లారీ రవాణాను, మోటళ్లను, కొత్త షాపింగ్ కేంద్రాలను సాధ్యం చేశాయి. అవే రోడ్లు సెయింట్ పాల్‌లో రాండో పేటను, మయామీలో ఓవర్‌టౌన్‌ను, న్యూ ఆర్లియన్స్‌లో క్లెయిబోర్న్ వీధిని చీల్చుకుంటూ పోయాయి. మూడూ నల్లజాతి పేటలే.

మేనమామ: రోడ్డు ఎక్కడో ఒకచోటి నుంచి పోవాలి కదమ్మా. అండమాన్ ట్రంక్ రోడ్డు లేనప్పుడు డిగ్లీపూర్‌లో కాన్పు కష్టమైతే ఓడ కోసం చూసేవాళ్లు. నేను ఆ రోడ్డుకి కంకర లెక్క రాసినవాణ్ని. బుష్ పోలీసులు తుపాకులతో కాపలా ఉంటేనే పని సాగేది, అడవిలోంచి ఎక్కడ జారవా ఆదివాసీల బాణం వస్తుందోనని.

మేనకోడలు: ఆ బాణం ఎందుకొచ్చిందో నువ్వే చెప్పావు. ఆ అడవిని 1957లో జారవాలకి రిజర్వుగా ప్రకటించింది ఈ ప్రభుత్వమే. ఆ రిజర్వులోంచే రోడ్డు వేసిందీ ఈ ప్రభుత్వమే. 2002లో సుప్రీంకోర్టు ఆ భాగాన్ని మూసేయమంది. మూయలేదు. అమెరికాలో కూడా అంతే కదా. 1953లో ఆదివాసీ తెగలకున్న ప్రత్యేక హోదాని రద్దు చేసే విధానం తెచ్చారు. విస్కాన్సిన్‌లో మెనామినీ తెగకి సొంత అడవి, సొంత కలప మిల్లు ఉన్నాయి. మన చాథం మిల్లులాగే ఊరంతా దాని మీద బతికేది. హోదా తీసేయగానే పన్నుల భారం పడి ఆ తెగ భూములమ్ముకునే స్థితికొచ్చింది. 1973లో మళ్లీ హోదా ఇచ్చారు.

మామ దీనికి ఇచ్చిన జవాబు రోడ్డు మూయాలనీ కాదు, ఉంచాలనీ కాదు. సముద్రం మీదుగా దారి ముందే బాగుచేసి ఉంటే ఆ రోడ్డు అవసరం సగం తగ్గేదని. స్టోరు లెక్కలు చూసిన మనిషి మాట అది, కొట్టిపారేయడానికి లేదు. దేశం డబ్బున్నప్పుడు దగ్గరి దారినే ఎంచుకుంటుంది. ఆ దారిలో ఉన్నవాళ్ల మాట అప్పుడు ఎవరికీ వినిపించదు.

ఈ బూమ్ తెలుగువాళ్ల దాకా ఎలా వచ్చిందన్నది వాదంలో మరో భాగం. దాని నడిబొడ్డునే ఒక తెలుగువాడు ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల్లో బోస్టన్ చేరి, 1940 నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన నడిపాడు. యుద్ధం, ప్రభుత్వం, మందుల కంపెనీలు కలిసి కొత్త మందులకు డబ్బు కుమ్మరించిన కాలం అది. ఆయన బృందం నుంచి ఫోలిక్ ఆమ్లం తయారీ, పిల్లల రక్త క్యాన్సర్ మీద వాడిన అమినాప్టెరిన్, 1948లో బజారుకొచ్చిన ఆరియోమైసిన్ వెలువడ్డాయి. పసిఫిక్ దీవుల్లో అమెరికా సిపాయిలకి బోదకాలు పట్టుకోవడంతో దానికి మందు వెతికే పని ఊపందుకుంది. హెట్రజాన్ అలా వచ్చింది. మన ఆసుపత్రుల్లో డీఈసీ మాత్ర అంటారు. ఉత్తరాంధ్ర తీరంలో ఆ జబ్బు కొత్త కాదు, నికోబార్‌లో నాన్‌కౌరీ దీవుల్లోనూ ఉంది.

మేనమామ: మా ఊళ్లో ఇంటికొక కాలు వాచిన మనిషి ఉండేవాడమ్మా. ఆ మాత్ర నేను మింగాను. మరి అది బూమ్ ఇచ్చిందే కదా?

మేనకోడలు: ఇచ్చిందే. కానీ ఆయన్ని చూడు. భారతీయులకి అమెరికా పౌరసత్వం తీసుకునే వీలు 1946 జూలైలో లూస్-సెల్లర్ చట్టంతో గాని రాలేదు, అది కూడా ఏటా కొత్తగా వచ్చేవాళ్లలో వంద మందికే కోటా. అన్ని మందులిచ్చిన మనిషి 1948లో పౌరుడు కాకుండానే పోయాడు. మిగతా మనవాళ్లకి తలుపు తెరుచుకుంది 1965 చట్టం తరవాత. అప్పుడైనా ఎవరికి? ముందే చదువుకున్న డాక్టర్లకి, ఇంజనీర్లకి. శ్రీకాకుళం కూలీకి అండమాన్ ఓడే దిక్కయింది.

గోధుమల కథ కూడా ఇలాగే రెండు ముఖాలది. అమెరికా ప్రభుత్వం రైతుకు ధర పూచీ ఇవ్వడంతో గోదాములు నిండిపోయాయి. ఆ మిగులును బయటికి పంపడానికి 1954లో పీఎల్-480 చట్టం వచ్చింది. 1956లో భారత్‌తో ఒప్పందం కుదిరింది. డాలర్లు కాకుండా రూపాయల్లో చెల్లించే వీలు ఉండడం మనకు ఊరట. అదే కోవలో కేర్ సంస్థ ద్వారా వచ్చిన రవ్వ, పాలపొడి ఆంధ్ర బడుల్లో మధ్యాహ్నం ఉప్మాగా, పాలుగా ఉడికాయి. మామ చదివిన నాలుగు తరగతులూ ఆ ఉప్మా వాసనతోనే గుర్తున్నాయి. ఉప్మా లేని రోజు బడికి సగం మందే వచ్చేవారని ఆయన సాక్ష్యం. అయితే 1960ల మధ్యలో వరసగా వానలు కరవైనప్పుడు, వియత్నాం మీద ఢిల్లీ అన్న మాటలకు కోపగించిన వాషింగ్టన్ ఓడలను ఆచితూచి, కొంచెం కొంచెంగా విడిచింది. తిండి మీద చేయి ఉన్నవాడికి మాట మీద కూడా చేయి ఉంటుందని దేశం అప్పుడే గట్టిగా నేర్చుకుంది. సొంత తిండిగింజల మీద ఆ తరవాత పట్టుదల పెరిగింది. ఇదే కాలంలో విశాఖపట్నంలో అమెరికన్ పెట్టుబడితో కాల్టెక్స్ రిఫైనరీ 1957లో మొదలైంది, 1967లో కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీ వచ్చింది. ఉత్తరాంధ్రలో నెలజీతం అనే మాట రైల్వే, ఓడరేవు దాటి విస్తరించడానికి అవి తోడయ్యాయి.

బూమ్ ఆగడానికి ఒక్క రోజు, ఒక్క కారణం లేవు. జర్మనీ, జపాన్ ఫ్యాక్టరీలు మళ్లీ లేచి అమెరికా బజారులోకే సరుకు పంపాయి. వియత్నాం యుద్ధం ఖర్చు ధరలను పెంచింది. 1971 ఆగస్టు 15న డాలరుకు బంగారం ఇచ్చే హామీని నిక్సన్ ఎత్తేశాడు. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపాయి. అక్కడి నుంచి మామూలు పనివాడి జీతం ఉత్పాదకతతో కలిసి నడవడం మానేసింది, యూనియన్లు కుంచించుకుపోయాయి, పైస్థాయి పన్ను రేట్లు దిగాయి. అండమాన్‌లో మలుపు వేరే దారిన వచ్చింది. 2002 మే నెలలో సుప్రీంకోర్టు చెట్ల నరికివేత మీద పెట్టిన ఆంక్షలతో కలప మీద నడిచిన బతుకు చాలావరకు ముగిసింది. ఆ ఆంక్షలు అడవికి అవసరమే. కానీ జీతాలకు ఢిల్లీ డబ్బు, సరుకుకు ఓడ, కరెంటుకు డీజిలు అన్న ఏర్పాటు మాత్రం అలాగే ఉంది.

మేనమామ: చివరికి నా మాట ఇదే. కంచె తప్పు, ఇల్లు తప్పు కాదు. కంచె ఉందని ఇల్లు కూల్చుకుంటే లోపలున్నవాడూ వీధిన పడతాడు, బయటున్నవాడికి ఒరిగేదేటి? 1968లో అమెరికా ఆ కంచె తీసేసే చట్టం చేసింది కదా.

మేనకోడలు: చేసింది, లెవిట్‌టౌన్ మొదలైన ఇరవై ఏళ్లకి. అప్పటికి చేతి డబ్బు అక్కర్లేని ఇళ్లు అయిపోయాయి, ధరలు పెరిగిపోయాయి, అయిదేళ్లు తిరిగేసరికి బూమే ఆగిపోయింది. లిస్టులో పేరు చేర్చారు గాని ఇరవై ఏళ్ల ఆస్తి చేర్చలేదు. అందుకే నేను అడిగేది ఇల్లు కూల్చమని కాదు మావయ్యా. లిస్టు రాసేటప్పుడు, ఓడ దిగినవాడినీ అడవిలో ఉన్నవాడినీ ముందే పిలిచి కూర్చోబెట్టమని.

మేనమామ: పిలిస్తే నేను వెళ్లి ఏం చెప్పేవాణ్నో నాకే తెలీదమ్మా. పని కావాలనే చెప్పేవాణ్నేమో.

మేనకోడలు: పనీ, దాంతోపాటు ఇంటి చోటూ అని చెప్పాలి. ఆ రెండూ కలిపి ఇచ్చారు కాబట్టే 1947లో తెల్ల సిపాయి నిలదొక్కుకున్నాడు.